పన్నెండు వోల్టుల బ్యాటరీ, ఐదు వోల్టుల కంప్యూటరు బోర్డు: నడుమ ఏం పెట్టాలి?

ఇంజనీరింగో, పాలిటెక్నికో చదివే పిల్లలున్న ఇంట్లో ఏటీఎం కార్డంత పచ్చ బోర్డు ఒకటి మీ కంట పడే ఉంటుంది. పాత రేడియో విప్పితే లోపల కనిపించే పలకలా ఉంటుంది. కాని అది పూర్తి కంప్యూటరు. లెక్కలు చేసే చిప్పు, జ్ఞాపకం, కెమెరా తగిలించే జాగ, సెన్సారు తీగలు తొడిగే పిన్నులు అన్నీ ఆ ఒక్క పలక మీదే. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో బడిపిల్లలకు ప్రోగ్రాములు నేర్పడానికని తయారు చేసి 2012 ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టిన రాస్ప్‌బెర్రీ పై ఈ రకంలో బాగా పేరుపడింది.

బడి కోసం చేసిన బోర్డు చేనుకూ పనికొస్తుంది. మక్క చేన్లోకి రాత్రి పందుల మంద దిగితే కెమెరాతో పసిగట్టి లైటు వేసి మోత పెట్టగలదు. వరి మడిలో నీళ్లు ఏ మట్టానికి దిగాయో, పసుపు బోదెల్లో తేమ ఎంతుందో ఫోనుకు చెప్పగలదు. పందుల బాధ పడలేక చేను చుట్టూ కరెంటు తీగ కట్టేవాళ్లు మన దగ్గర ఉన్నారు. అది నేరం. ఆ తీగకు తగిలి పందే చావదు, తెల్లవారుజామున నీళ్లు పెట్టబోయిన మనిషీ పోతాడు. అలాంటి తీగ మాని కెమెరా, లైటు, మోత వైపు వచ్చే రైతుకు చేయూతనివ్వాలి. పందులు కొన్నాళ్లకు ఒకే మోతకు అలవాటు పడతాయి, మోత మారుస్తూ ఉండాలి. అది వేరే సంగతి.

చిక్కు వచ్చేది కరెంటు దగ్గర. ఇంట్లోనైతే గోడ ప్లగ్గుకు అడాప్టరు పెడితే సరి. అది 230 వోల్టుల ఏసీని 5 వోల్టుల డీసీగా మార్చి బోర్డుకిస్తుంది. బాయి కాడ అలా కుదరదు. అక్కడ ఉండేది మందు కొట్టే పంపు బ్యాటరీ, ట్రాక్టరు బ్యాటరీ, కాకుంటే సోలార్ ప్యానెల్. ఇవన్నీ 12 వోల్టులు, అంతకు పైన. బోర్డు అడిగేది 5 వోల్టులు.

"12 వోల్టులంటే చేతికి షాకు కూడా కొట్టదు గదా, బోర్డుకు ఏమైతది?" అని అడుగుతారు. మనిషి చర్మం దాన్ని ఆపుతుంది కనుక మనకు తెలియదు. బోర్డు మీది చిప్పులకు అలాంటి తోలు లేదు. 5 వోల్టుల పిన్నుకు 12 వోల్టులు తగిలితే కన్ను మూసి తెరిచేలోగా చిప్పు పోతుంది. పొగ కూడా రాకపోవచ్చు. వేలు పోసి కొన్న బోర్డు, మరమ్మతుకు పనికిరాదు. దాన్ని కాపాడే సామాను మాత్రం వంద రూపాయలకు అటూ ఇటూ దొరుకుతుంది.

మోటారు స్టార్టరు పెట్టెలోంచి ఒక ఫేజు తీసి అడాప్టరు పెట్టుకోవచ్చు కదా అని కొందరి ఆలోచన. సిరిసిల్లలో 1970లో ఏర్పడిన సహకార విద్యుత్ సంఘం, మనం సెస్ అనేది, ఇచ్చే కరెంటైనా, జగిత్యాల, కోరుట్లలో ఉత్తర డిస్కం ఇచ్చేదైనా వ్యవసాయ లైను సంగతి ఒకటే. 2018 జనవరి 1 నుంచి 24 గంటల ఉచిత కరెంటు అమలులోకి వచ్చింది, నిజమే. అయినా బాయి కాడ వోల్టేజీ ఎగుడుదిగుడు పోలేదు, ఫేజు పోవడం పోలేదు. చాలా చోట్ల సరైన న్యూట్రల్ తీగ ఉండదు. ఒక ఫేజుకూ భూమిలో పాతిన ఇనుప కడ్డీకీ నడుమ బల్బు వెలిగించే అలవాటు ప్రాణం తీసే అలవాటు. దానికి అడాప్టరు తగిలించడం అంతకన్నా చెడ్డది. అందుకే బ్యాటరీయే మేలు.

వోల్టు మట్టం, ఆంపియరు పారకం

శ్రీరాంసాగర్ నుంచి వచ్చే కాకతీయ కాలువను గుర్తు తెచ్చుకోండి. పెద్ద కాలువలో నీటి మట్టం ఎక్కువ. ఆ నీటిని నేరుగా మడిలోకి వదిలితే ఒడ్లు తెగుతాయి, నారు కొట్టుకుపోతుంది. అందుకే తూము పెట్టి, పిల్ల కాలువకు మట్టం దించి, మడికి సరిపడా వదులుతారు. కరెంటులో వోల్టు అంటే ఆ మట్టం లాంటిది. ఆంపియరు అంటే పారే నీటి లెక్క. రెండూ గుణిస్తే వచ్చేది వాట్లు, అంటే పని.

ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది. "బోర్డుకు 3 ఆంపియర్లు చాలని రాసి ఉంది. నా ట్రాక్టరు బ్యాటరీ 80 ఆంపియర్లది. ఎక్కువై బోర్డు మాడదా?" మాడదు. బ్యాటరీ మీద ఉన్న 80 ఆంపియర్లు కాదు, 80 ఆంపియర్-అవర్లు. అది చెరువులో ఉన్న నీళ్ల లెక్క. చెరువు ఎంత పెద్దదైనా తూము ఎంత తెరిస్తే అంతే పారుతుంది. బోర్డు తనకు కావలసిన ఆంపియర్లే లాగుకుంటుంది. కాబట్టి ఆంపియర్లు ఎక్కువున్నా భయం లేదు, తక్కువైతేనే ఇబ్బంది. వోల్టులు మాత్రం సరిగ్గా ఉండాలి. ఎక్కువైతే బోర్డు పోతుంది. తక్కువైతే బోర్డు నడుస్తూ నడుస్తూ ఆగి మళ్లీ మొదలవుతుంది, అలా పదిసార్లు జరిగితే లోపలి మెమరీ కార్డు చెడుతుంది. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో ఎక్కువ రకాలు వోల్టేజీ 4.63కు దిగగానే తెర మీద మెరుపు గుర్తు చూపిస్తాయి. ఆ గుర్తు కనబడితే ప్రోగ్రాములో తప్పులు వెతకడం మాని తీగలు చూసుకోవాలి.

12 అని రాసి ఉన్నా 12 కాదు

బ్యాటరీ మీద 12 అని ఉంటుంది. మల్టీమీటరు పెడితే 12 కనబడేది తక్కువ. నిండా చార్జ్ అయి ఊరికే ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.7 వోల్టుల దగ్గర ఉంటుంది. చార్జ్ అవుతున్నప్పుడు 14.4 దాకా పోతుంది. సగం ఖాళీ అయితే 12.1, 12.2 చూపిస్తుంది. 11.8కి వచ్చిందంటే దాదాపు వట్టిపోయినట్టే. ట్రాక్టరు సెల్ఫు కొట్టినప్పుడు అదే బ్యాటరీ క్షణం పాటు 9, 10కి పడిపోతుంది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడితే ఆల్టర్నేటరు నుంచి వచ్చే పోటు 12కు ఎన్నో రెట్లు ఉంటుంది. అందుకే నడిచే ట్రాక్టరు బ్యాటరీకి బోర్డు తగిలించవద్దు. విడి బ్యాటరీ పెట్టుకోండి. లారీ బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులని కూడా మరవద్దు.

సోలార్ ప్యానెల్ ఇంకో మోసం చేస్తుంది. '12 వోల్టుల ప్యానెల్' అని అమ్మే 36 బిళ్లల ప్యానెల్ పని చేసేది 17, 18 వోల్టుల దగ్గర. తీగలకు ఏమీ తగిలించకుండా ఎండలో పెట్టి మీటరుతో చూడండి, 21, 22 చూపిస్తుంది. ఇంటి మీద పెట్టే పెద్ద ప్యానెళ్లు ఒక్కొక్కటే 40 వోల్టుల చుట్టూ ఉంటాయి. ఇక సోలార్ పంపుసెట్టుకు పెట్టినవి వరుసగా కలిపినవి కనుక వందల వోల్టుల డీసీ. వాటి తీగలను ముట్టుకోవద్దు. ఆ కరెంటు మనిషిని పట్టుకుంటే వదలదు.

మట్టం దించే దారులు

మొదటి దారి, చాలామందికి తోచేది, నడుమ రెసిస్టరు పెట్టడం. ఇది పనికిరాదు. బోర్డు ఒక్కో క్షణం ఒక్కోలా లాగుతుంది. కెమెరా తిరిగితే ఎక్కువ, ఊరికే ఉంటే తక్కువ. రెసిస్టరు తీసుకునే వోల్టులు దాన్నిబట్టి మారుతూ ఉంటాయి. పని ఎక్కువైనప్పుడు బోర్డు ఆకలితో పడిపోతుంది, పని తగ్గినప్పుడు ఎక్కువై మాడుతుంది.

రెండోది 7805 అని మూడు కాళ్ల చిప్పు. రేడియో మెకానిక్కులకు తెలిసినది. ఇటు 12 ఇస్తే అటు సరిగ్గా 5 ఇస్తుంది. కాని మిగిలిన 7 వోల్టులను వేడిగా పారబోస్తుంది. 1 ఆంపియరు లాగితే 7 వాట్ల వేడి. బ్యాటరీ నుంచి తీసిన ప్రతి వంద పాళ్లలో బోర్డుకు చేరేవి 42, మిగతా 58 గాలికి పోయినట్టే. మనది తెచ్చి పెట్టుకున్న బ్యాటరీ, ఆ దుబారా మనకు పడదు. పైగా ఎండాకాలం ఇనుప డబ్బాలో ఆ చిప్పు చేయి పెట్టనివ్వనంత వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. చిన్న సెన్సారు ఒక్కటి నడపడానికైతే చాలు. కెమెరా ఉన్న బోర్డుకు వద్దు.

మూడోది బక్ కన్వర్టరు. షాపులో స్టెప్ డౌన్ మాడ్యూల్ అని అడగాలి. ఇది తూమును సెకనుకు వేలు, లక్షల సార్లు తెరిచి మూస్తుందనుకోండి. తెరిచినప్పుడు వచ్చింది చిన్న తీగచుట్టలో నిలవ చేసి, మూసినప్పుడు దాంట్లోంచి వదులుతుంది. ఎంతసేపు తెరవాలి, ఎంతసేపు మూయాలి అనే లెక్కతోనే మట్టం 5 దగ్గర నిలబడుతుంది. పారబోసేది తక్కువ. బ్యాటరీ నుంచి తీసిన వంద పాళ్లలో 80 నుంచి 90 దాకా బోర్డుకు చేరతాయి. బ్యాటరీలో 14 ఉన్నా, 11 ఉన్నా అటు వైపు 5 మారదు. చేనుకు కావలసింది ఇదే.

వీటిలో ఎక్కువగా దొరికేది ఎల్ఎం 2596 చిప్పుతో వచ్చేది. చిప్పు కాగితం ప్రకారం 40 వోల్టుల దాకా తట్టుకుంటుంది, 3 ఆంపియర్లు ఇస్తుంది. చౌక మాడ్యూళ్లను మాత్రం నిలకడగా 2 ఆంపియర్ల లోపే వాడుకోవడం మంచిది. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఎక్స్ఎల్ 4015 అనే రకం ఉంది, 5 ఆంపియర్లని చెబుతారు. ఎంపీ 1584 అనే చిన్నది కూడా అమ్ముతారు. అది 28 వోల్టులు దాటితే పోతుంది కనుక 40 వోల్టుల ప్యానెల్ దగ్గరికి పోనివ్వకండి.

టంకం పెట్టడం, స్క్రూ తిప్పడం మా వల్ల కాదనే రైతుకు తేలిక దారి కారులో సిగరెట్ సాకెట్‌కు పెట్టే మొబైల్ చార్జరు. 12-24 వోల్టులని, 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లని రాసి ఉన్నది, కాస్త పేరున్నది తీసుకోండి. దాని లోపల ఉన్నదీ బక్ కన్వర్టరే. ఒక సాకెట్ కొని బ్యాటరీకి తగిలిస్తే పని అయిపోతుంది. నన్నడిగితే మొదటిసారి చేసేవాళ్లు ఈ దారే పట్టాలి.

ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవాళ్లు ఇంకో మాట అడుగుతారు. ఇన్వర్టరు నుంచి 230 వోల్టులు తీసి, దానికి మొబైల్ అడాప్టరు పెడితే 5 వస్తుంది కదా అని. వస్తుంది. కాని 12ను 230కి ఎక్కించి, మళ్లీ 5కు దించడమంటే నీళ్లు గుట్ట మీదికి తోడి మళ్లీ కిందికి వదలడమే. బోర్డు వాడేది నాలుగైదు వాట్లు. ఇన్వర్టరు ఏ పనీ లేకుండా ఊరికే ఆన్‌లో ఉండడానికే అంతకు రెండు మూడు రెట్లు తాగుతుంది. బ్యాటరీ మీదే ఆధారపడిన చోట ఆ పద్ధతి వద్దు.

ఇంకో మాట ఇక్కడే చెప్పాలి. "మా అబ్బాయి బోర్డుకు 12 నేరుగా ఇచ్చినా నడిచింది" అని ఎవరైనా చెబితే అది అబద్ధం కాకపోవచ్చు. ఆర్డుయినో యూనో అనే బోర్డుకు గుండ్రటి సాకెట్ ఒకటుంటుంది. దాంట్లో 7 నుంచి 12 వోల్టుల దాకా ఇవ్వవచ్చు, వోల్టేజీ దించే చిప్పు దాని మీదే ఉంది. రాస్ప్‌బెర్రీ పై అలాంటిది కాదు. పక్కవాళ్ల బోర్డుకు చెల్లినది మీ బోర్డుకు చెల్లుతుందని అనుకోవద్దు. బోర్డు పేరు చూసి, దానికి ఎంత కావాలో తెలుసుకున్నాకే తీగ ముట్టాలి.

ముందు మీటరు, ఆ తర్వాతే బోర్డు

కొత్త మాడ్యూల్ షాపు నుంచి వచ్చినప్పుడు 5 దగ్గర ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వరు. ఎక్కడో ఒక చోట ఉంటుంది. ఇటు ఇచ్చిన 12లో చాలా భాగం అటు వైపు కూడా కనబడవచ్చు. దాన్ని చూసుకోకుండా బోర్డు తగిలిస్తే కన్వర్టరు పెట్టినా పెట్టనట్టే. చాలా బోర్డులు పోయేది ఇక్కడే.

కాబట్టి బోర్డును పక్కన పెట్టండి. మాడ్యూల్ మీద ఇన్ వైపు ప్లస్, మైనస్ గుర్తులు చూసి బ్యాటరీ తగిలించండి. ఎరుపు ప్లస్, నలుపు మైనస్. తారుమారైతే మాడ్యూల్ పోతుంది. ఔట్ వైపు మల్టీమీటరు పెట్టండి, డీసీ 20 వోల్టుల గుర్తు మీద ఉంచి. మీటరు రెండు మూడు వందలకు దొరుకుతుంది. బోర్డు కొనే ఇంట్లో అది తప్పకుండా ఉండాలి. మాడ్యూల్ మీద చిన్న ఇత్తడి స్క్రూ ఉంటుంది. చిన్న స్క్రూ డ్రైవరుతో నిదానంగా తిప్పండి. మొదట పది చుట్లు తిప్పినా అంకె కదలకపోవచ్చు, చెడిపోయిందని పారేయకండి. అలాగే తిప్పుతూ పోతే ఒక చోట నుంచి దిగడం మొదలవుతుంది. ఎక్కుతుంటే ఇంకో వైపు తిప్పండి. 5.1 దగ్గర ఆపండి. ఆ పదో వంతు ఎందుకంటే, తీగలో కాస్త పోయినా బోర్డు దగ్గరికి 5 చేరాలని. రాస్ప్‌బెర్రీ పై 4కు కంపెనీ ఇచ్చే అడాప్టరు కూడా 5.1 వోల్టులే, 3 ఆంపియర్లు.

అంకె కుదిరాక స్క్రూ మీద ఇంట్లో గోళ్ల రంగు ఒక చుక్క వేయండి. అదిరినా కదలదు. తర్వాత బ్యాటరీ తీసేసి, బోర్డు తగిలించి, మళ్లీ బ్యాటరీ కలపండి. బోర్డు నడుస్తుండగా బోర్డు దగ్గరే మీటరు పెట్టి మరోసారి చూడండి. 4.8కి తగ్గకూడదు.

ప్లస్ తీగకు ఫ్యూజు మరవద్దు. 3 ఆంపియర్ల ఫ్యూజు, మోటారు సైకిళ్లకు వాడే రకం, బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాలి. అవతల బోర్డు దగ్గర పెడితే నడుమ తీగ ఒరుసుకుపోయి కలిసినప్పుడు దాని వల్ల ఉపయోగం లేదు. బ్యాటరీది 12 వోల్టులే అయినా రెండు తీగలు కలిస్తే వందల ఆంపియర్లు తోస్తుంది. తీగ ఎర్రగా కాలుతుంది. మోటారు గదిలో వరిగడ్డి, ఖాళీ యూరియా సంచులు, పక్కనే డీజిలు డబ్బా ఉండే మన అలవాట్లకు అది చాలు. బోర్డు పోతే వేలు పోతాయి, ఇక్కడ పోయేది కొట్టం.

కన్వర్టరు ఎవరి దగ్గర ఉండాలి?

బ్యాటరీ దొంగల భయానికి మోటారు గదిలో తాళం వేసి పెడతారు. కెమెరా, బోర్డు చేను గట్టు మీద గుంజకు ఉంటాయి. నడుమ 20 మీటర్లనుకుందాం. కన్వర్టరు బ్యాటరీ పక్కన పెట్టి 5 వోల్టులను తీగ మీద పంపాలా, 12ను పంపి బోర్డు దగ్గర దించాలా?

లెక్క వేద్దాం. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ పోవడానికి 20, రావడానికి 20, మొత్తం 40 మీటర్లు. దాని అడ్డు సుమారు 0.7 ఓములు. 5 వోల్టుల దగ్గర బోర్డు 1 ఆంపియరు లాగితే దారిలోనే 0.7 వోల్టులు పోతాయి. 5.1 పంపితే చేరేది 4.4. మెరుపు గుర్తు ఖాయం. అదే 12 పంపితే అంత పనికీ తీగలో అర ఆంపియరు చాలు. పోయేది 0.35 వోల్టులే. బోర్డు పక్కన ఉన్న కన్వర్టరుకు 12కు బదులు 11.6 వచ్చినా లెక్కలేదు, అది 5.1 చేసే ఇస్తుంది. కాబట్టి దూరం పోయేది 12, దించేది బోర్డు పక్కన. కన్వర్టరు నుంచి బోర్డుకు తీగ జానెడు, మూరెడు మించకూడదు. ఫోనులతో వచ్చే సన్నటి యూఎస్‌బీ తీగలు ఇక్కడే దెబ్బతీస్తాయి. పొట్టిది, లావుది వాడండి.

బ్యాటరీ ఎన్ని గంటలు వస్తుంది?

మందు పంపు బ్యాటరీ సాధారణంగా 12 వోల్టులు, 8 ఆంపియర్-అవర్లు. గుణిస్తే 96 వాట్-అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీని సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరుగుతుంది. అంటే వాడుకునేది 48. రాస్ప్‌బెర్రీ పై 4 కెమెరాతో నడుస్తుంటే 4 వాట్లు అనుకోండి, కన్వర్టరు తరుగు కలిపితే బ్యాటరీ నుంచి 4.7. 48ని 4.7తో భాగిస్తే పది గంటలు. పొద్దు గూకిన దగ్గర నుంచి తెల్లారేదాకా పన్నెండు గంటలు. పందులు వచ్చేది తెల్లవారుజామునే కావచ్చు. ఆ బ్యాటరీ రాత్రికి చాలదన్నమాట.

అదే జీరో 2 డబ్ల్యూ అనే చిన్న బోర్డైతే ఒకటిన్నర వాట్ల చుట్టూ వాడుతుంది. అదే బ్యాటరీ మీద ఇరవై ఆరు, ఇరవై ఏడు గంటలు నడుస్తుంది. పై 5 అనే పెద్ద బోర్డుకు కంపెనీ 5 ఆంపియర్ల అడాప్టరు పెట్టమంటుంది. చేనుకు దాన్ని తేవద్దు.

కెమెరా లేకుండా తేమ, నీటి మట్టం మాత్రమే చూడాలనుకుంటే అసలు కంప్యూటరు బోర్డే దండగ అని నా అభిప్రాయం. ఈఎస్‌పీ 32 వంటి చిన్న కంట్రోలరు బోర్డు చాలు. ఖరీదు వందల్లో ఉంటుంది. గంటకొకసారి లేచి, తేమ చూసి, కబురు పంపి మళ్లీ పడుకుంటుంది. పడుకున్నప్పుడు అది తాగేది లేనట్టే. అప్పుడు లెక్కలోకి వచ్చేది కన్వర్టరే. ఎల్ఎం 2596 పని లేకున్నా 5 నుంచి 10 మిల్లీ ఆంపియర్లు తాగుతూ ఉంటుంది. పది అనుకుంటే 8 ఆంపియర్-అవర్ల బ్యాటరీలో సగం పదహారు, పదిహేడు రోజుల్లో దాని కడుపులోకే పోతుంది. అలాంటి పనికి ఊరికే ఉన్నప్పుడు తక్కువ తాగే కన్వర్టరు కావాలని అడిగి తీసుకోండి.

సోలార్ పెడితే

ప్యానెల్‌ను నేరుగా కన్వర్టరుకు కలిపితే ఎండలో నడుస్తుంది. మబ్బు అడ్డం రాగానే వోల్టేజీ కూలిపోతుంది, బోర్డు చస్తుంది, ఎండ రాగానే లేస్తుంది. రోజుకు ఇరవై సార్లు అలా జరిగితే మెమరీ కార్డు ఎన్నాళ్లో ఉండదు. నడుమ బ్యాటరీ, దానికి చార్జ్ కంట్రోలరు ఉండాల్సిందే. కంట్రోలరుకు మూడు జతల బిగింపులుంటాయి: ప్యానెల్‌కు, బ్యాటరీకి, లోడుకు. కన్వర్టరును లోడు బిగింపులకే కలపాలి. బ్యాటరీ 11 వోల్టుల చుట్టుపక్కలకు దిగితే కంట్రోలరు లోడును తనే ఆపి బ్యాటరీని కాపాడుతుంది. నేరుగా బ్యాటరీకి కలిపితే ఆ కాపలా ఉండదు. కంట్రోలరు మీదే యూఎస్‌బీ రంధ్రం ఉంటుంది కదా అంటారు. ఫోనుకు పనికొస్తుంది. కెమెరా బోర్డుకు చాలాసార్లు బలం చాలదు.

కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, ప్యానెల్ తర్వాత. విప్పేటప్పుడు ప్యానెల్ ముందు, బ్యాటరీ తర్వాత. వరుస తప్పితే ప్యానెల్ 20 వోల్టులు కంట్రోలరును కొడతాయి.

ఎంత ప్యానెల్ కావాలి? పై 4 రాత్రింబవళ్లు నడిస్తే రోజుకు 113 వాట్-అవర్లు. మంచి ఎండ రోజుకు నాలుగు గంటల లెక్కన 40 వాట్ల ప్యానెల్ 160 ఇస్తుంది, తరుగులు పోను మిగిలేది సరిగ్గా 110 చుట్టూ. అంటే వానాకాలం ముసురు పట్టిన నాడు తప్పుతుంది. 75 వాట్లు, 40 ఆంపియర్-అవర్ల బ్యాటరీ పెడితే రెండు రోజుల ముసురు గడుస్తుంది. రాత్రి పూట మాత్రమే నడిపితే ఇందులో సగం చాలు. ఖర్చు లెక్క చూసుకుంటే రాత్రి పనికి జీరో 2 డబ్ల్యూ, 20 వాట్ల ప్యానెల్, పంపు బ్యాటరీ అన్నది రెండెకరాల రైతుకు అందుబాటులో ఉన్న జోడు. బ్యాటరీని పగలు మందు కొట్టడానికి తీసుకుపోయే రోజుల్లో మాత్రం రాత్రి కాపలా లేనట్టే.

పంపు బ్యాటరీల్లో లిథియం రకాలు కూడా వచ్చాయి. వాటిలో నాలుగు కణాల ఫాస్ఫేటు రకం నిండా ఉంటే 14.6 వోల్టుల దాకా చూపిస్తుంది. కన్వర్టరుకు దానితో ఇబ్బంది లేదు. చార్జ్ కంట్రోలరు మాత్రం లిథియానికి పనికొచ్చేదై ఉండాలి.

మోటారు జోలికి పోతే

బోర్డు మోటారును కూడా ఆపగలదని పిల్లలు ఉత్సాహపడతారు. బోర్డు పిన్నుల మీద ఉండేది 3.3 వోల్టులు. 12 వోల్టుల సెన్సారు తీగనో, సైరన్ తీగనో నేరుగా ఆ పిన్నుకు తగిలిస్తే కన్వర్టరు ఎంత మంచిదైనా బోర్డును కాపాడలేదు. సైరన్‌కు, లైటుకు రిలే మాడ్యూల్ నడుమ పెట్టాలి. స్టార్టరు పెట్టెలో ఉండేది 415 వోల్టులు. అక్కడ రిలే కలపడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ పని. పిల్లలను ఆ పెట్టె తెరవనివ్వకండి. ఆటో స్టార్టర్లన్నీ కరెంటు రాగానే ఒకేసారి మోటార్లు ఎత్తుకుని ట్రాన్స్‌ఫార్మర్లను దెబ్బతీస్తాయనీ, నీళ్లు వృథా అవుతాయనీ వాటిని తీసేయమని 2017లో ప్రభుత్వమే రైతులను కోరిన సంగతి గుర్తుండే ఉంటుంది. బోర్డుతో మోటారు నడిపేవాళ్లు కరెంటు రాగానే ఎత్తుకునేలా కాక, కాసేపు ఆగి, నీళ్లు కావాలంటేనే ఎత్తుకునేలా ప్రోగ్రాము రాయించుకోవాలి.

డబ్బా, వాన, చీమలు

బోర్డు, కన్వర్టరు రెండూ మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాలో ఉండాలి. ఇళ్లలో కరెంటు తీగలకు వాడే జంక్షన్ బాక్సు బాగుంటుంది. తీగలు పైనుంచి కాదు, అడుగు నుంచి లోపలికి రావాలి. డబ్బా కిందికి తీగను ఒక వంపు వేలాడదీస్తే తీగ వెంట జారే వాన చుక్క అక్కడే రాలిపోతుంది. రంధ్రాలకు లప్పం పెట్టండి. చీమలు, బల్లులు వెచ్చదనానికి దూరతాయి, బల్లి రెండు పిన్నుల మధ్య పడితే అది చస్తుంది, బోర్డూ పోతుంది. డబ్బాను ఎండ తగలని వైపు, ప్యానెల్ నీడలో బిగించండి.

బోర్డును ఆపాలనుకున్నప్పుడు తీగ పీకేయవద్దు. ముందు ప్రోగ్రాములోనే మూసే ఆజ్ఞ ఇచ్చి, పచ్చ దీపం మినుకు ఆగాక తీగ తీయాలి. దీనికి బయట ఒక బటను పెట్టించుకుంటే ఇంట్లో ఎవరైనా నొక్కగలరు. పదిహేను రోజులకొకసారి బ్యాటరీ బిగింపుల మీద పేరుకున్న తెల్ల బూజు తుడిచి వ్యాసలైన్ రాయండి, నీళ్లు పోసే బ్యాటరీ అయితే డిస్టిల్డ్ వాటర్ మట్టం చూడండి. ఉరుములు మెరుపులతో ఈదురు గాలి వచ్చే సూచన ముందే ఉంటే ప్యానెల్ తీగ విప్పి రండి. ఉరమడం మొదలయ్యాక మాత్రం చేను కాడికి పోవద్దు, బోర్డు పోతే పోనీయండి.